తిప్పి చూడని గుడ్డ

మా అక్క గీసిన గుడ్డ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో బొమ్మ పడే పలకను సెన్సర్ అంటారు. అది ముప్ఫై ఆరు మిల్లీమీటర్ల పొడవు, ఇరవై నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు. రెండు లెక్కలూ మూడుకు రెండు. అంటే గుడ్డను ఫోటో తీస్తే సెన్సర్లో ఏ అంచూ వృథా పోదు. ఇది చూసి నేను సంతోషపడ్డాను. ఇలాంటి వాటికి సంతోషపడే మనిషిని నేను. ఆ గుడ్డ వల్ల నాకు దక్కిన సంతోషం దాదాపు అదొక్కటే కాబట్టి ముందే రాసేస్తున్నాను.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో వే బ్రిడ్జి మీద నా ఉద్యోగం. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, రెండిటికీ తేడా. సీజనులో ట్రాక్టర్లు హైవే దాకా వరస కడతాయి. సీజను అయిపోతే తూచడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీ నెలల్లో కెమెరాల లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. చెన్నైలో ఎవరో వాడి అమ్మేసిన ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒకటి, దానికి తగిన లెన్సులు మూడు, ఒకదాని తర్వాత ఒకటిగా సంపాదించుకున్నాను. తోటివాళ్ళకు నేనొక వింత.

"ఏమప్పా లెక్కల మాస్టరూ, ఆ గొట్టంలోంచి సూస్తే కాయ తీపో పులుపో తెలుస్తాదా?" అనేవాడు గేటు దగ్గరి వాచ్‌మన్.

"నీ మొహంలో పులుపు మాత్రం తెలుస్తా ఉండాదిలే" అనేవాణ్ని. అంతకుమించి ఆ కెమెరా గురించి నాతో మాట్లాడిన వాళ్ళు లేరు.

మా అక్కను శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇంటికి ఇచ్చారు. బావ పోయి చాలా కాలమైంది. అంతకు ముందు నుంచీ అక్క గీస్తూనే ఉంది. కోర గుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెట్టి ఎండేస్తారు. చింతబొగ్గుతో రూపు గీస్తారు. ఆపైన వెదురు కలంతో నల్ల గీత. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో ఊరబెడితే వచ్చే నలుపు అది, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే దిగిపోతుంది. మళ్ళీ తుడిచేది ఉండదు. ఆ ఇంట్లో అందరికంటే నిలకడైన గీత అక్కదే. ఈ మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కానీ గుడ్డ మూలన పేరు మాత్రం అక్క మరిదిది. కొట్టు ఆయన పేరు మీద ఉంది, కళాకారుడి గుర్తింపు కార్డు ఆయనకు ఉంది, కొనేవాళ్ళకు ఆయన తెలుసు. ఆయన పేరును కూడా కలంతో అక్కే రాసేది. ఆయన అక్షరం బాగుండదు.

ఆ ఏడు ఒక చేతిపనుల పోటీ ప్రకటన వచ్చింది. ఇళ్ళలో కూర్చుని గీసే ఆడవాళ్ళు సొంత పేరు మీద పంపుకోవచ్చన్నారు. ఎంపికైతే గుర్తింపు కార్డు వస్తుంది. కార్డు ఉంటే ఆర్డర్లు నేరుగా తన పేరు మీద తీసుకోవచ్చు. అక్క వయసు యాభై దాటింది. అమ్మవారి బొమ్మ మొదలుపెట్టి ఐదు నెలలు గీసింది. కింద కుడి మూలన, జీవితంలో మొదటిసారి, తన పేరు రాసుకుంది. ఆ మూడక్షరాలు రాయడానికి ఎంతసేపు పట్టిందో మా మేనకోడలు నవ్వుతూ చెప్పింది. "మామా, అమ్మవారి మొహమన్నా అంతసేపు గీయల్యా మాయమ్మ."

షరతు ఒకటే. గుడ్డ ముందు వైపు ఫోటో ఒకటి పంపాలి, పెద్దది చేసి చూస్తే కలం గీత కనబడాలి. ఫోటోలు చూసి వడగడతారు. వడపోతలో నిలిచిన వాళ్ళనే గుడ్డతో సహా పిలుస్తారు. అచ్చు గుడ్డలను చేతిపని అని పంపేవాళ్ళు ఎక్కువయ్యారని ఈ వడపోత పెట్టారట.

అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరే, ఇన్నాళ్ళూ కాకుల్నీ కొండల్నీ తీసినావు. ఇప్పుడు అక్కకి అక్కరకు వచ్చే ఫోటో ఒకటి తియ్యి."

లెక్క వేసుకున్నాను. నా సెన్సర్లో పొడవునా ఆరువేల చుక్కలు, అంటే పిక్సెళ్ళు. ఆరడుగులంటే పద్దెనిమిది వందల మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్కో చుక్క గుడ్డ మీద సుమారు మూడు పదో వంతుల మిల్లీమీటరును చూస్తుంది. అక్క సన్న గీత అర మిల్లీమీటరు. అంటే గీతకు రెండు చుక్కలు కూడా లేవు. గీత ఉందని కనబడుతుంది గానీ, కలం ఆనిన చోట లావుగా మొదలై నలుపు అయిపోయే కొద్దీ సన్నబడే తీరు కనబడదు. చేతి గీతను అచ్చు గీత నుంచి విడదీసేది ఆ తీరే.

దీనికి నా కెమెరాలో ఒక ఉపాయం ఉంది. దాంట్లో సెన్సర్ బిగించి ఉండదు, అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది. మామూలుగా మన చెయ్యి వణికితే అది ఎదురు కదిలి బొమ్మను నిలబెడుతుంది. కెమెరాను స్టాండు మీద పెట్టి ఇంకో పని కూడా చేయించుకోవచ్చు. ప్రతి ఫోటోకూ సెన్సర్ అర చుక్క చొప్పున జరుగుతూ పదహారు ఫోటోలు తీస్తుంది. కంప్యూటర్లో అన్నీ కలిపితే పొడవునా పన్నెండువేల చుక్కలు. గీతకు మూడు నాలుగు చుక్కలు వస్తాయి. దీన్ని సెన్సర్ షిఫ్ట్ అంటారు. కానీ ఆ పదహారు ఫోటోలు అయ్యేదాకా ఎదుటి వస్తువు కదలకూడదు. ఎంత కదలకూడదో అదీ లెక్క వేశాను. రెండు వెంట్రుకల మందం కదిలినా బొమ్మ చెడుతుంది.

ఇక లెన్సు. సన్న వివరాలు పట్టడానికే చేసిన నూరు మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఈ పనికి అన్నిటికంటే మంచిది, అంచుల దాకా ఒకే తీరుగా ఉంటుంది. దానికి గుడ్డ నుంచి పదిహేడడుగులు వెనక్కి పోవాలి. అక్క గది పదకొండడుగులు. బయట వాకిట్లో తీద్దామంటే స్వర్ణముఖి నది మీంచి గాలి. ముప్ఫై ఐదు లెన్సుతో ఆరడుగుల దూరం చాలు, కానీ నా దగ్గరున్న ఆ లెన్సు మూలల్లో మెత్తబడుతుంది, అక్క పేరు ఉన్నది మూలలోనే. మిగిలింది యాభై మాక్రో. ఎనిమిదిన్నర అడుగులు. నా వీపు గోడకు ఆనించి నిలబడితే సరిపోతుంది. నూరు లెన్సుతో ముక్కలు ముక్కలుగా తీసి అతికిద్దామా అనుకున్నాను. వేలాడే గుడ్డ రెండు ఫోటోలకు ఒకే చోట ఉండదు, గీతలు కలవవు.

వేలాడే గుడ్డ అన్నాను కదా, తగాదా అక్కడే మొదలైంది.

"నేల మీద పరుద్దామక్కా. స్టాండు పైన నిలబెట్టి కిందికి తీస్తా. కదిలే పనే ఉండదు."

"అమ్మవారిని కింద పరిచి ఆమె మీద నువ్వు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతావా? నీకేమన్నా పిచ్చా?"

"సరే, గోడకి చుట్టూ సన్న మేకులు కొడదాం."

"మేకులా! ఆ మాట ఇంకోసారి అన్నావంటే నిన్ను కొడతా మేకు."

అద్దం వేసి నొక్కుదామన్నా ఒప్పుకోలేదు. అద్దంలో మా మొహాలే కనబడతాయని నేనే వదిలేశాను. పై అంచుకు కుట్టిన గొట్టంలో వెదురు గడ దూర్చి వేలాడదీయడం, కింది అంచున ఇంకో గడ బరువుకు. అమ్మవారి గుడ్డ ఉండాల్సిన తీరు అదే. నేను వాదించలేదు. ఐదు నెలలు ఆ బొమ్మకు నమస్కారం పెట్టకుండా కలం ముట్టని మనిషి అక్క. నా చుక్కల కోసం ఆమెను మార్చడం అయ్యే పని కాదు.

ఫ్యాను ఆపాం. కిటికీ మూశాం. తెలిసిన స్టూడియో అతన్ని అడిగి పెళ్ళి వీడియోల లైట్లు రెండు తెచ్చి అటూ ఇటూ పెట్టాను. మేనకోడల్ని బయటికి పంపాను. అక్క మాత్రం పోనంది, తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, తన ఊపిరికి గుడ్డ కదులుతుందేమోనని. ముందు మామూలు ఫోటో ఒకటి తీశాను. తర్వాత పదహారు. మళ్ళీ పదహారు. బయట లారీ పోయినా గడ కాస్త ఊగేది. చెమటకు నా కళ్ళు మండాయి. సాయంత్రం దాకా ఎన్నిసార్లు తీసినా, ఎక్కడో ఒకచోట గుడ్డ ఆ రెండు వెంట్రుకలు కదిలేది.

అన్నిట్లోకీ మంచిదాన్ని లాప్‌టాప్‌లో తెరిచాం. అక్క కలం గీతలను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. "ఓరి, ఈడ సూడు, నలుపు అయిపోయినా లాగినాను. ఈడ మళ్ళీ ముంచి అతికినాను. ఎవురికీ తెలీదనుకుంటి." నవ్వింది. కలం ఎక్కడ ముంచిందో, ఎక్కడ ఊపిరి బిగపట్టిందో తెరమీద వేలు పెట్టి చూపింది. అమ్మవారి ఎడమ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. "ఇదేందిరా, జల్లెడ మాదిరి?"

అక్కడ గుడ్డ కదిలింది. సెన్సర్ షిఫ్టులో వస్తువు కదిలితే మామూలు ఫోటోలో లాగా మసక రాదు. పదహారు ఫోటోల చుక్కలు ఒకదానిలో ఒకటి కలవక, దగ్గర దగ్గర గళ్ళుగా, వల పరిచినట్టు కనబడుతుంది. ఎడమ చెయ్యి, దాని పక్క చిలుక, కింది అంచులో ఒక జానెడు, అంతా గళ్ళే.

మేనకోడలికి రెండు ఫైళ్ళూ ఇచ్చి చెప్పాను. గీత తీరు కాస్త తక్కువ తెలిసినా మామూలు ఫోటోనే పంపమ్మా, ఈ పెద్దది అమ్మ చూసుకోవడానికి మాత్రమే అని. తను తలూపింది. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో బిల్లులు వేసే పిల్ల, తెలివైంది. పంపేటప్పుడు రెండూ ఫోన్లో చూసిందట. ఫోన్లో రెండూ ఒకటిగానే ఉన్నాయి. ఒకటి పెద్ద ఫైలు, ఒకటి చిన్నది. ప్రకటనలో వీలైనంత పెద్ద ఫైలు పంపండి అని రాసి ఉంది. మామ సాయంత్రం దాకా చెమటోడ్చి తీసింది పెద్దదే. అమ్మ చూసి నవ్వింది దాన్నే. పెద్దది పంపింది.

జవాబు రెండు వాక్యాలు. బొమ్మలో యంత్ర ముద్రణ ఆనవాళ్ళు ఉన్నందున పరిశీలనకు అర్హం కాదు. ఇది తుది నిర్ణయం.

మేనకోడలు ఫోన్లో ఏడ్చింది. "పెద్దదుంటే మంచిదని వాళ్ళే రాసినారు కదా మామా." తప్పు తనదని నేను అనలేదు. ఇప్పటికీ అనను. గళ్ళు చూసిన వాళ్ళు అచ్చు అనుకోవడం కూడా నాకు అర్థమవుతుంది. అచ్చు గుడ్డను పెద్దది చేసి చూస్తే చుక్కల వరసలు కనబడతాయి. తర్వాత జరిగిందే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అక్కా నేనూ తిరుపతిలో ఆ పోటీ పెట్టినవాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. నా చేతిలో లాప్‌టాప్, అక్క చేతిలో తెల్ల పంచెలో చుట్టిన గుడ్డ. ఆఫీసరు కూర్చోమన్నాడు, మర్యాదస్థుడే. నేను మామూలు ఫోటో, షిఫ్ట్ ఫోటో పక్కపక్కన తెరిచాను.

"సార్, ఈ గళ్ళు గుడ్డలో ఉండేటివి కావు. గుడ్డ ఈడ మడత పడి వంగింది సూడండి. అచ్చయితే గళ్ళు గూడా గుడ్డతో పాటు వంగాల. ఇవి ఫోటో అంచుకు నిటారుగా పోతా ఉండాయి. మడతతో పన్లేదు వాటికి. కెమెరాలో పుట్టినాయి."

ఆయన వంగి చూశాడు. "మీరు ఫోటోగ్రాఫరా?"

"కాదు సార్. మామిడి ఫ్యాక్టరీలో వే బ్రిడ్జి."

పక్క టేబులు ఆయన నవ్వు ఆపుకోలేదు. "తూకం బాగానే వేస్తున్నారు."

ఆఫీసరు నవ్వలేదు. "చూడండి, కమిటీకి ఫోటోలో కనబడిందే లెక్క. ఫోటోలో ఉన్నది గుడ్డలో లేదంటున్నారు. అంటే మీ ఫోటో తప్పా?"

"తప్పే సార్."

"తప్పు ఫోటో పంపినవాళ్ళను మేం ఎట్లా ఎంపిక చేస్తాం చెప్పండి?"

"ఇదో, ఇది సరైన ఫోటో సార్."

"గడువు అయిపోయింది కదా."

అప్పుడు అక్క లేచింది. పంచె విప్పి గుడ్డను రెండు చేతులా పట్టుకుని వెనుక వైపు ఆయనకు చూపించింది. అచ్చు గుడ్డ వెనుక వైపు పాలిపోయి ఉంటుంది, రంగు పైపైనే నిలుస్తుంది. కలం గీత ఇనుప నలుపు, గుడ్డలోకి దిగుతుంది. అక్క గుడ్డ వెనుక వైపున అమ్మవారు కుడి ఎడమలు మారి అంతే నల్లగా నిలబడి ఉంది.

"సార్, ఒక్కసారి ఎనకమళ్ళ సూడండి సార్. మీకే తెలుస్తాది."

ఆయన చూపు తిప్పుకుని కిటికీ వైపు పెట్టాడు. కోపంతో కాదు, భయంతో. "అమ్మా, లోపల పెట్టండి. ఈ దశలో మేం గుడ్డ చూడకూడదు. మీది చూస్తే అందరివీ చూడాలి."

"అందరివీ సూడండి సార్. సూడ్డానికే కదా పోటీ పెట్టినారు."

"అమ్మా, నామాట వినండి."

ఆరడుగుల గుడ్డను ఒక్క మనిషి పట్టుకుంటే సగం కింద వాలిపోతుంది. అటెండరు ఒకాయన వచ్చి రెండో కొస అందుకున్నాడు, నేల తగలకుండా. "బో బాగుండాది తల్లీ," అన్నాడు, మళ్ళీ తన సారు మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఇద్దరూ కలిసి మడత పెట్టారు. అంతా అయ్యేదాకా ఆఫీసరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. కళ్ళ ముందు రెండడుగుల్లో ఉన్న గుడ్డను చూడకపోవడమే ఆయన ఉద్యోగం. ఎక్కడో తీసిన ఫోటోను పెద్దది చేసి చూడటం కూడా ఆయన ఉద్యోగమే. నేను బరువు తూచే మనిషిని. బండిని కాటా మీదికి ఎక్కించకుండా ఫోటో చూసి బరువు రాయమంటే మా ఫ్యాక్టరీలో ఆ పూటే పని తీసేస్తారు.

బస్సులో రేణిగుంట దాటాక అక్క, "ఇంకోసారి నా గుడ్డ ఎవురి ముందరా పరచను," అంది.

మరిది ఇంట్లోనే ఎదురుచూస్తున్నాడు. ఆయన చెడ్డవాడని నేను రాయను. బావ పోయాక ఆ ఇల్లు గడిచింది ఆయన కొట్టు మీదే. కానీ ఆ పూట ఆయన మొహంలో ఒక తేలిక ఉంది, అది నాకు కనబడింది.

"ఏం బావా, నీ కెమెరాకి పదారు కండ్లుండి ఏం లాభం? ఆ గుడ్డి ఆఫీసోళ్ళకి నా పేరు ఒక్కటి సెప్పుంటే..." అని నవ్వి, అక్క వైపు తిరిగాడు. "వదినా, బెంగులూరు నుంచి ఒకామె వస్తా ఉండాది. తిరుపతిలో పెద్ద హోటలు కడతా ఉండారు, గోడలకి గుడ్డలు కావాలంట. ఇది నాకియ్యి."

"నా పేరుండాది దాని మీద."

"పేరు కావాల్నా, గుడ్డ పోవాల్నా?"

"రెండూ కావాలంటే తప్పా?"

"తప్పని ఎవురన్నారు? దొరకవని చెప్తా ఉండా."

కలం నలుపు తుడిస్తే పోదని ముందే రాశాను. కింది అంచును రెండంగుళాల చొప్పున రెండుసార్లు వెనక్కి మడిచి కుట్టారు. అక్క పేరు మడత లోపలికి పోయింది. కుట్టింది అక్కే, ఇంకెవరైనా కుడితే అంచు వంకర పోతుందని. ఆ పైన మరిది పేరు. రాసింది కూడా ఎవరో చెప్పక్కర్లేదు.

బెంగళూరు ఆమె వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. సీజను కాదు, పని లేదు. ఆమె లోపలికి రాగానే గుడ్డ అంచు పట్టుకుని వెనక్కి తిప్పింది. చూపుడు వేలితో నల్ల గీత మీద రుద్దింది. "చేతి పనే," అంది. ఒక్క క్షణం పట్టింది. ఆమె ఏ ఫోటో అడగలేదు, ఆమెను ఏ కమిటీ ఆపలేదు.

"ఎన్నాళ్ళు గీశారు?" అని మరిదిని అడిగింది.

"ఐదు నెలలమ్మా," అన్నాడు ఆయన, తడుముకోకుండా. అక్క కాఫీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళింది.

నేను వెనకే వెళ్ళాను. గొంతు తగ్గించాలని కూడా తోచలేదు. "ఎందుకు ఒప్పుకుంటివక్కా? ఇంట్లో పెట్టుకోకూడదా? నీ పేరుతో నీ దగ్గరుంటాది కదా?"

అక్క పొయ్యి మీది గిన్నె దించి నా వైపు తిరిగింది. "ఇంట్లో పెట్టుకుంటే అది ప్రింటు గుడ్డేరా. వాళ్ళు రాసిచ్చినారు కదా. ఆయప్ప పేరు మీద పోతే చేతి పని. రెండిట్లో ఏది కావాలో నువ్వు లెక్క వేసి చెప్పు."

ముందు గదిలో గుడ్డను గొట్టంలా చుట్టే చప్పుడు వినబడింది.

ఆ హోటలు లాబీలో అది ఇప్పుడు అద్దం వెనక ఉంది. ఒకసారి పని మీద తిరుపతి వెళ్ళినప్పుడు లోపలికి పోయి చూశాను. కింద ఇత్తడి పలక మీద కలంకారీ, చేతిపని అని, మరిది పేరూ. యాత్రికులు కొందరు దాని ముందు నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. సెక్యూరిటీ అతను నన్ను రెండుసార్లు చూశాడు, ఎవరి కోసం వచ్చావని అడిగాడు. ఎవరి కోసమూ కాదని చెప్పి వచ్చేశాను.

మరుసటి ఏడు పోటీ ప్రకటన మళ్ళీ వచ్చింది. ఈసారి ముందు వైపు, వెనుక వైపు రెండు ఫోటోలు అడిగారు. ఎవరు చెప్పారో, ఎందుకు మార్చారో నాకు తెలియదు. మేనకోడలు పరుగెత్తుకుంటూ పోయి ఫోన్ చూపించింది. అక్క చేతులు మోచేతుల దాకా కరక్కాయ పాలలో ఉన్నాయి. ఆ గుడ్డ మరిది తెచ్చిన ఆర్డరు.

"పక్కన పెట్టమ్మా," అంది. "ఎండ పోకముందే ఇది పిండి ఆరేయాల. ఆ కొస పట్టుకో."